హెల్తెర్మా రేవులో పాత చిరునామా

పడవ కదిలి మూడు నిమిషాలు.
కిటికీ అవతల సముద్రం కాదు, పగిలిన పింగాణీ.
మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు
అరికాళ్ళలోంచి పైకి పాకుతోంది.
ఒళ్ళో లాప్‌టాప్. దాని నల్లటి తెర మీద
తార్తు ఆస్పత్రి సర్వర్‌కి నేను తెరిచి పెట్టుకున్న తలుపు.

కాఫీ పెడుతూ తావెత్ అడిగాడు: "నెట్ పోయిందా?"
పోలేదు. అదే చిక్కు.
రేవు వైఫై జారిపోగానే పడవ మొబైల్ అందుకుంది.
వాతావరణం పేజీ ఇట్టే తెరుచుకుంది,
మైనస్ పద్నాలుగు, ఈశాన్యపు గాలి.
కొత్త మాటలన్నీ కొత్త దారిన పోతున్నాయి.
ఈ ఒక్క పాత మాటే
చేపముల్లులా గొంతులో అడ్డం పడింది.

దారి మారడం దానికో లెక్క కాదు.
నిరుడు ఆఫీసులో ఒక గేట్‌వే కాలిపోయి
పక్కది లేచినప్పుడు
కెర్నెల్ చేసిందల్లా, గుర్తుంచుకున్న పాత దారిని చించేసి
పట్టిక మళ్ళీ చూసుకోవడం.
నడుస్తున్న ఏ సంభాషణా తల తిప్పలేదు.
ఎందుకంటే కనెక్షన్ అంటే దారి కాదు.
ఈ కొసన ఒక అంకె, ఆ కొసన ఒక అంకె,
నువ్వు నువ్వే, నేను నేనే అన్న ఒప్పందం.
మధ్యలో బాటలు మళ్ళనీ, వంతెనలు కూలనీ.

కానీ కొస మారితే?
రేవులో నాకిచ్చిన అంకె రేవులోనే ఉండిపోయింది.
నడిసంద్రంలో నా పేరు వేరు.
ఆ సంగతి తార్తుకి చెప్పాల్సింది నేనే,
చెప్పే గొంతేమో పాత పేరుది.

అయినా కెర్నెల్ వదలదు.
బదులు రాని అక్షరాన్నే మళ్ళీ పంపుతుంది.
ఒక రెప్పపాటు ఆగి. రెండు. నాలుగు. ఎనిమిది.
విసుగుండదు, ప్రతిసారీ ఓర్పే రెట్టింపు.
పోను పోను రెండేసి నిమిషాలకొకసారి తలుపు తట్టి
పక్కకి జరిగి నిలబడుతుంది.
పావుగంట దాటాక గానీ పోయిందని ఒప్పుకోదు.

నాకంత ఓపిక ఎక్కడిది?
నాలుగో నిమిషంలో ఎంటర్ కొట్టాను.
ఆరో నిమిషంలో నాలుగుసార్లు.
ఏడో నిమిషంలో, పళ్ళు కొరుకుతూ,
ఎగ్జిట్ అని కొట్టి మళ్ళీ ఎంటర్.
తెర మీద ఒక్క గీత కదల్లేదు. గుడ్డిరాత.

అంతలో ఇంజను గొంతు మారింది.
స్పీకర్లో కెప్టెన్ నసిగాడు: ముందు మంచు గట్టిపడింది,
ఐస్‌బ్రేకర్ వచ్చేదాకా వెనక్కి.
ఎదురు బల్ల మీద హిల్యా మామ్మ
అల్లుతున్న మేజోడు ఆపి, బుట్టలో పిల్లితో ఏదో అంది.
పిల్లికి నచ్చలేదు.

రేవు దీపాలు. వైఫై గుర్తు గీత గీతగా నిండింది.
టికెట్ గదిలోని పెట్టె నన్ను గుర్తుపట్టి
ఎవరికీ ఇవ్వకుండా ఉంచిన నా పాత అంకెని
తీసి చేతిలో పెట్టింది.

అయినా ఏమీ జరగలేదు.
తిరిగొచ్చామని లోపల వేచి ఉన్నదానికి ఎవరూ చెప్పరు.
తన గడియారం తనకి మోగాలి.

పదకొండో నిమిషం. మోగింది.
తట్టింది. తార్తు పలికింది,
మాట మధ్యలో నీళ్ళు తాగడానికి ఆగినట్టు,
అంతే.
నా ఉత్త ఎంటర్లన్నీ మెట్ల మీంచి దొర్లిన బఠాణీల్లా
ఒకదాని వెనక ఒకటి దిగాయి.
వాటి వెనకాల, వరస తప్పకుండా,
నాలుగు నిమిషాలుగా తన వంతు కోసం నిలబడ్డ
నా ఎగ్జిట్.

సర్వర్ చెప్పిన మాట విని తలుపేసుకుంది.

ఖాళీ కప్పు తీస్తూ తావెత్, "వచ్చిందా?"
"వచ్చింది," అన్నాను.
"నేను పొమ్మన్న సంగతి
ఇప్పుడే దానికి అందింది."