తుమ్మిన కొండ

మిర్చి యార్డు ఎదురుసందులో నా స్టూడియో.
పాస్‌పోర్టు సైజు, ఎనిమిది కాపీలు, పది నిమిషాలు.
అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెన,
ఎవరూ ఎత్తుకుపోకుండా.
రోజుకి యాభై మొహాలకి ఒకటే పాఠం:
గడ్డం కాస్త పైకి,
భుజాలు సమంగా,
నవ్వకండి, అప్లికేషన్‌కి నవ్వు పనికిరాదు.

ఆదివారం యార్డుకి సెలవు, నాకూ సెలవు.
మూడున్నరకే లేచి
స్టాండు వీపుకి అడ్డంగా కట్టుకుని
పాత స్కూటర్ మీద బయల్దేరతాను.
ఫిరంగిపురం దగ్గర టీకొట్టు ఇంకా తెరవదు.
అక్కడినుంచి చూస్తే కొండవీడు
చీకటిలో ఇంకొంచెం చీకటి.

ఘాట్ రోడ్డు వదిలేసి పాతమెట్ల దారి పడతాను.
సీతాఫలం పొదలు మోకాళ్లు తడిపేస్తాయి.
కూలిన బురుజు రాళ్ల మధ్య
ఎప్పుడో ఒక ముళ్లపంది వదిలేసిన ముల్లు దొరికింది,
నలుపూ తెలుపూ, పాత ఫిలింలాగే.
జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ గుచ్చుతుంది.

పైన చెరువు పక్కన బండ మీద
కెమెరా నిలబెట్టి కూర్చుంటే
కొండకి చెప్పాల్సింది ఒక్కటీ ఉండదు.
గడ్డం అదే పైకెత్తుకుని ఉంటుంది.
ఎన్ని వందల ఏళ్లుగానో భుజాలు సమంగా లేవు,
ఏ ఆఫీసూ తిప్పి పంపలేదు.
ఇక్కడ కదలకూడనిది నేను.
ఇక్కడ రెప్ప వేయకూడనిది నేను.

మంచు లోయలో పాలగిన్నె నింపినట్టు నిండి
అంచు దాకా వచ్చి ఆగింది.
గంట గడిచింది. కాళ్లు తిమ్మిరెక్కాయి.
మేకలు వచ్చాయి ముందు,
వాటి వెనక సైదమ్మ.
"ఏంది అబ్బాయా, ఏదన్నా పారేసుకున్నావా?"
వెలుగు కోసం, పిన్నీ.
"వస్తదిలే. నిన్న రాలా?"

ఒక ఫోటో తీయనా అంటే చెయ్యి అడ్డం పెట్టింది.
"రేషన్ కార్డుకి దిగా ఒకసారి.
దొంగమొహం వచ్చింది. ఇంక చాల్లే."
ఆ స్టూడియో ఎవరిదో నేనడగలేదు.

అప్పుడు చీలింది మంచు.
కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు
చదరాలు చదరాలుగా ఎర్రబారాయి.
మా నాన్న డార్క్‌రూమ్‌లో
ఒకే ఒక్క ఎర్రబల్బు ఉండేది.
నీళ్లలో ఊగే తెల్లకాగితం మీద
ముందు ఒక కన్ను తేలేది, తర్వాత జడ,
తర్వాత ఎవరో పెళ్లికూతురు.
అలాగే ఇప్పుడు
ముందు కోటగోడ, తర్వాత ఒంటి చెట్టు,
తర్వాత అవతలి కొండ, దాని వెనకది, దాని వెనకది.
ఎవరో ఆ మంచుని మెల్లగా ఊపుతున్నారు.

ఊపిరి బిగబట్టాను.
వేలు బటన్ మీద ఉంది.
వారమంతా యార్డు గాలి పీల్చిన బ్యాగు
సరిగ్గా అప్పుడే ముక్కు కిందికి జారింది.

హాచ్!

కొండవీడు మొత్తం కదిలింది.
మేకలు చెదిరాయి.
పొదలోంచి కౌజుపిట్టలు బుర్రుమన్నాయి.
మళ్లీ నొక్కేసరికి మంచు తలుపేసుకుంది.
సైదమ్మ బండ మీద కూలబడి
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది,
కళ్లనీళ్లు వచ్చేదాకా.
నవ్వకండి అనడం
ఆ ఒక్కసారీ గుర్తు రాలేదు నాకు.

మంచిగా వచ్చిన కొండలు నా దగ్గర చాలా ఉన్నాయి,
పెట్టెల్లో, వరసగా, ఒద్దికగా.
అద్దం పైన మాత్రం ఇదొక్కటే తగిలించాను:
ఒకదాని మీంచి ఒకటి జారుతున్న రెండు కొండలు,
నాలుగైదు చెవులున్న మేక.

దువ్వెన అందుకుంటూ అడుగుతారు జనం,
ఏ దేవుడి కొండండీ ఇది, అలా ఊగుతోంది?
ఏ దేవుడూ లేడండీ, తుమ్మింది, అంటాను.
కొందరు నవ్వుతారు.
మళ్లీ సర్దుకునేదాకా ఆగుతాను.
తొందరేం లేదు,
ఆగడం నేర్చుకునే వచ్చాను.

శనివారం రాత్రి
లెన్సు తుడుస్తాను, బ్యాటరీ ఎక్కిస్తాను,
బ్యాగు తిరగేసి గుమ్మం బయట దులుపుతాను.
అడుగు మూలల్లో కాస్త కారం
అలాగే ఉండనిస్తాను.