పదమూడో దెబ్బ

పార దించితే నవంబరు తగిలింది,
అన్నిటికన్నా అడుగున, గడ్డి మొదళ్ళ మీద
తడవని పంచదారలా.
పిడికిట్లోకి తీసుకుంటే ఉండ కట్టదు,
వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది.
అందరికన్నా ముందొచ్చి, కప్పేవాళ్ళు లేక
ఆరు వారాలు చుక్కల కింద వణికిన మంచు అది.

దాని మీద క్రిస్మస్ నాటి వాన కట్టిన పెచ్చు.
ఆ పైన గాలి అవతలి గట్టు నుంచి మోసుకొచ్చి పేర్చిన పలక.
మూరెడు మందం. తట్టితే బోలుగా పలుకుతుంది.
అన్నిటికీ పైన నిన్న రాత్రిది,
బరువంటే ఏమిటో ఇంకా తెలియనిది.

డూరి తొందరపడుతున్నాడు.
స్కీల అడుగున అంటించిన పట్టీలు
గడ్డకట్టిపోతున్నాయని గొణుగుతున్నాడు.
ఇరవై రెండేళ్ళు. మా అక్క కొడుకు.
ఎదురుగా వాలు
అప్పుడే పరిచిన దుప్పటిలా ఉంది,
ఎండ దాని పైఅంచు మాత్రం పట్టుకుంది.
నాకూ ఆశ లేదని కాదు.

మంచును నిలువుగా కోసి స్తంభం చేశాను.
దాని నెత్తిన పార బోర్లించి
మణికట్టుతో పది దెబ్బలు.
ఏమీ లేదు.
మోచేతితో ఒకటి, రెండు,
మూడోదానికి
సొరుగు లాగినట్టు
పలకంతా నా ఒళ్ళోకి వచ్చేసింది.
చప్పుడైనా లేకుండా.

"ఇంకోసారి చూద్దాం" అన్నాడు.
పక్కనే ఇంకోటి కోశాం.
పదమూడే.

మా నాన్న ఇవేవీ కొలిచేవాడు కాదు.
పొద్దున్నే గొడ్ల కొట్టం తలుపు
చలికి ఎలా కిర్రుమందో విని
ఇవాళ పైకి వద్దు అనేవాడు.
రెండుసార్లు పొరబడ్డాడు.
మొదటిసారి కథ తనే నవ్వుతూ చెప్పేవాడు.
రెండోసారిది
మే నెలలో కరిగిన వాగు చెప్పింది.

లార్చి చెట్ల మధ్య నుంచి, వచ్చిన దారినే దిగాం.
ఊరొచ్చేదాకా డూరి నాతో మాట్లాడలేదు.

మర్నాడు లావిన్ నుంచి ఐదుగురు ఎక్కారు.
సాయంత్రం కిటికీలోంచి చూస్తే
వాలు నిండా ఐదు మెలికలు,
చెయ్యి తిరిగిన మనిషి వేసిన ముగ్గులా.
ఎక్కడా ఒక్క బీట లేదు.
వాళ్ళ నవ్వులు కింద హోటల్ దాకా వినిపించాయి.

ఆ వాలు ఆ వారమంతా అలాగే ఉంది.
ఆ పై వారం కూడా.

నేను పుస్తకం తీసి రాసుకున్నాను:
ఉత్తరపు ముఖం, ముప్పై ఆరు డిగ్రీలు,
పదమూడు.
పెన్సిల్‌తోనే రాశాను. చెరపలేదు.

దీపం ఆర్పబోతూ డూరి అడిగాడు,
"రెండోసారి కూడా పదమూడేనా, పిన్నీ?"

పదమూడే, అన్నాను.
బయట మళ్ళీ కురవడం మొదలైంది.