పాటు వేళ పదకొండు సెంట్లు

విరిగిన వంతెన మీంచి చూస్తే
అడయారు నోట్లో ఇంకా మింగని ముద్ద.
దానికి పేరు లేదు.
నా రిజిస్టర్లో ఓ నంబరుంది,
ఆ నంబరు పక్కన విస్తీర్ణం అనే గడిలో
మూడేళ్లుగా పెన్సిలుతోనే రాస్తున్నాను.

పాటు వేళ పదకొండు సెంట్లు.
పోటెక్కితే నాలుగు.
కార్తీకంలో తుపాను వచ్చిపోయాక
ఉత్తరపు కొస తెగి
దక్షిణాన తేలింది,
నిద్రలో పక్క మార్చిన పిల్లలా.

ఆఫీసులో అంటారు కదా,
కాపాడాలంటే కంచె వెయ్యాలి సార్,
కంచె వెయ్యాలంటే హద్దు కావాలి, అని.
హద్దురాళ్లు పడవలో వేసుకుని వెళ్లాను.
నాలుగు రాళ్లు. సున్నం పూసినవి.

నడుంలోతు నీళ్లలో సెంగేని
తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుని
రెండు చేతులా బురదలో రొయ్యల్ని తడుముతోంది.
నోరు ఖాళీ లేదు,
నా రాళ్లని చూసి కళ్లతోనే నవ్వింది.
బుట్ట దించాక, సగం అరవంలో సగం నా కోసం తెలుగులో:
"ఎక్కడ పాతుతావు? నీళ్ల మీదా?"

తెల్లమడ వేళ్లు పైకి పొడుచుకొచ్చి
ఊపిరి పీలుస్తున్నాయి.
ఒక్కోదానికి ఒక్కోటి తగులుకుని ఉంది
షాంపూ పొట్లం, పూలదండ దారం,
ఏ ఆస్పత్రిదో సన్నటి గొట్టం,
వరద ఏడు కొట్టుకొచ్చిన ఇంటి నంబరు పలక, 27/3.
ఆ పలక కింద ఒంటిడెక్క పీత కాపురం.
ఇంటాయన గుమ్మంలో నిలబడి
పెద్ద డెక్క ఊపుతున్నాడు
రమ్మనో, పొమ్మనో.

కాలికింద వంగరెడ్డి కూర చిట్లింది.
నెల్లూరులో మా అమ్మమ్మ
దీన్ని ఉప్పు వెయ్యకుండా వండేది.

అప్పుడు దిగాయి ఉల్లంకులు,
ఏ మంచు దేశం నించో
పటం లేకుండా, సర్వే నంబరు లేకుండా
సరిగ్గా ఇక్కడికే.
నలభై మూడు.
పోటెక్కేకొద్దీ దగ్గరదగ్గరగా జరిగాయి
సాయంత్రం లోకల్ రైల్లో ఆడవాళ్ల పెట్టెలోలా.
ఒకదాని రెక్క ఒకదానికి తగిలినా
ఏదీ కసురుకోలేదు.

"కంచె వెయ్యాలనుంటే, అదిగో, దానికి వెయ్యి"
అని చెయ్యెత్తి చూపించింది సెంగేని.
సైదాపేట వైపు నించి
తెల్లగా, తీరిగ్గా, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా
నురగ వస్తోంది.

రాళ్లు వెనక్కి తెచ్చేశాను.
మూడే. ఒకటి పడవెక్కిస్తుంటే జారిపోయింది.
మొన్న అమావాస్య పాటుకి చూస్తే
సున్నం మీద గోరంత ఆల్చిప్పలు పట్టున్నాయి,
ఓ కొంగ దానిమీద నిలబడి ఏదో ఆలోచిస్తోంది.

ఆఫీసుకొచ్చాను. రిజిస్టర్ తెరిచాను.
ఇంకా
పెన్సిలు చెక్కుకుంటూనే ఉన్నాను.