మధ్య బొమ్మలు

బ్రిస్టల్ రేవు పక్కన చిన్న థియేటరు.
మంగళవారం మధ్యాహ్నం ఆట, అంతా కలిపి పదకొండు మందిమి.
ముందు వరుసలో ఒకాయన తడిసిన గొడుగుని
పక్క సీట్లో కూర్చోబెట్టాడు, దానికీ టికెట్టు కొన్నట్టు.

ఎనిమిది కథలు, ఎనిమిది మంది దర్శకులు.
అందరికీ ఒకే భవిష్యత్తు దొరికింది పాపం:
వాన, నియాన్ దీపాలు, గడ్డం గీసుకోని ఒంటరి మగవాడు,
వాడి కోసం చచ్చిపోవడానికి ఒక గాజుకళ్ళ పిల్ల.
మొదటి కథలో ఆమె యంత్రం.
రెండో దాంట్లో ఎవరి చావుకో నకలు.
నాలుగో దాంట్లో ఓడలోంచి వినపడే గొంతు మాత్రమే.
ఒళ్ళు కూడా దండగ అనుకున్నారేమో.

మూడువేల సంవత్సరంలోనూ
పాత చింతకాయ పచ్చడే, జాడీ మాత్రం టైటానియం.

నెత్తురు బాగా గీశారు, కాదనను.
ప్రతి చుక్కకీ బరువుంది,
గోడ మీద పడ్డాక జారాలా వద్దా అని తటపటాయిస్తుంది.
ఏడుపుకి ఆ బరువు లేదు.
కన్నీళ్ళన్నీ ఒకే అచ్చులో పోసిన గోళీలు.

ఏడో కథలో అంగారకుడి మీద సంత.
వెనక వరుసలో మనలాంటి మొహాలు, నల్లగా, గుంపుగా,
నోళ్ళు లేవు.
నాకు తెలుసు ఎందుకో.
నోరు గీస్తే కదిలించాలి,
కదిలిస్తే డబ్బులు. పిండి కొద్దీ రొట్టె.

పక్కనుంచి మార్గో మోచేత్తో పొడిచింది,
"పళ్ళు కొరకకు, వినపడుతోంది."

నేనొకప్పుడు మధ్య బొమ్మలు గీసేదాన్ని.
ఎర్రగడ్డలో ఫ్యాన్ల కొట్టు మీద మూడో అంతస్తు.
కింద ముప్ఫై ఫ్యాన్లు, పైన మాకు ఒక్కటి.
ఎక్కడో సముద్రాల అవతల పెద్ద చిత్రకారుడు
చెయ్యి ఎత్తిన బొమ్మ గీస్తాడు, దించిన బొమ్మ గీస్తాడు.
ఆ రెంటి నడుమ పదకొండు చేతులు మావి.
అద్దం కింద లైటు వేడికి
అరచెయ్యి చెమట కాగితానికి అంటుకునేది.
సినిమా చివర మా అందరి పేరూ ఒకటే:
తదితరులు.

ఇంతకీ అయిదో కథ.

పాడుబడ్డ అంతరిక్ష కేంద్రంలో ఒక ముసలాయన
చిరిగిన చేతితొడుగు కుట్టుకోవాలి.
దారం బరువు లేక పాములా తేలుతోంది.
కొస నాలికకి తడిపాడు. సూది తప్పింది.
మళ్ళీ తప్పింది.
అప్పుడు చెయ్యి దించేసి
అటెటో చూశాడు, ఊరికే.
కథకి ఆ చూపుతో పని లేదు,
వెనక గ్రహశకలం దూసుకొస్తోంది, సంగీతం గోల పెడుతోంది.
ఆ చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

నా వెన్ను నిటారైంది.

తిరుపాలు అలా గీసేవాడు.
లెక్క కన్నా ఒక బొమ్మ ఎక్కువ, ఎప్పుడూ.
సూపర్‌వైజరు కాగితం చింపి మొహాన కొడితే
నిదానంగా ఏరుకుంటూ అనేవాడు,
"మరి చెయ్యి ఆలోచించుకోవద్దా సార్?"
జీతంలో కోత పడేది. మర్నాడు మళ్ళీ ఒకటి ఎక్కువ.

పేర్లు పడుతున్నాయి. దీపాలు వెలిగాయి.
గొడుగాయన లేచాడు, సరిగ్గా నా కళ్ళకి అడ్డంగా.
తుడిచే పిల్ల చీపురు తెచ్చి
మేం ఇంకా ఎందుకున్నామా అని చూస్తోంది.
వందల పేర్లు, చీమల బారు పరుగు.
"త"తో ఏదో వెళ్ళినట్టే ఉంది.
తమారా కావచ్చు. థామస్ కావచ్చు.
ఆ చెయ్యి అసలు అతనిదే కాకపోవచ్చు,
ఆగడం ఒక్కడి సొత్తా?

బయట వాన, సినిమాలో అంత అందంగా లేదు.
"ఎనిమిదికి ఎన్ని?" అంది మార్గో.
"ఒకటి."
"సూదా?"
"అందులోనూ అంతా కాదు. రెండోసారి తప్పాక."
ఆమె నవ్వలేదు. నలభై ఏళ్ళు నాటకాలకి శబ్దాలు చేసిన మనిషి,
నిశ్శబ్దం ఎంత ఖరీదో ఎరుగును.

కోటు జిప్పు పైకి లాగుతోంది,
మధ్యలో ఇరుక్కుంది.
వేళ్ళు ఆగాయి. నీళ్ళకేసి చూసింది.
సాయం చెయ్యొచ్చు నేను.
చూస్తూ నిలబడ్డాను, కాస్త ఎక్కువసేపే.
బెడ్మిన్‌స్టర్ బస్సు వెళ్ళిపోయింది.