ఎన్నో ఇల్లు

ఫారంలో పదకొండో ప్రశ్న:
రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉండాల్సి వస్తుంది?
పిల్లి సంగతి అడుగుతున్నారని తట్టక
నా సంగతి రాశాను.
ఇరవై రెండు. ఆదివారం ఇరవై నాలుగు.
ఆఫీసులో ఝనెతా అది చదివి నవ్వలేదు.
కొట్టేసి, పైన చిన్నగా సున్నా చుట్టింది.

ఆ శనివారం మా నాలుగో అంతస్తుకి వచ్చింది,
వూచ్ నగరంలో లిఫ్టు లేని ఇళ్ళు తెప్పించే ఆయాసంతో.
టేపు తీసి కిటికీలు కొలిచింది.
మా కిటికీలు గాలికోసం పైనుంచి లోపలికి వాలతాయి.
ఆ వాలు సందులో ఎన్ని మెడలు ఇరుక్కున్నాయో చెప్పింది
కరెంటు బిల్లు చదివినట్టు, నావైపు చూడకుండా.
వల బిగించాను.
ఆకాశం గళ్ళ కాగితమైంది.

పేరు ష్రుబా. మర మేకు అని అర్థం.
బస్సు ఇంజను మూతకింద దొరికిందట,
ఒక చెవి సగం కాలి, ఒళ్ళంతా డీజిలు కంపుతో.
పదిహేను రోజులు బాత్రూమే దాని లోకం అన్నారు.
సంచీ తెరిచానో లేదో
వాషింగ్ మెషిన్ వెనక్కి దూరిపోయింది.
మూడు రోజులు నేను చూసిందల్లా
ఖాళీ అయిన గిన్నె,
ఇసుకలో గోళ్ళ గీతలు.

ఇరవై ఏడేళ్ళు ట్రాము నడిపినదాన్ని.
వీపు వెనక ఎవరెక్కారో ఎవరు దిగారో
నేల ఊగే తీరునిబట్టి తెలిసేది.
మెషిన్ వెనక బరువూ అలాగే తెలిసింది.
తొట్టి పక్కన పీట వేసుకుని
నా పాత దారిలో స్టాపుల పేర్లు చదివాను,
అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.
ముద్దు మాటలు రావు నాకు.
నోటికొచ్చినవి అవే.

నాలుగో రాత్రి, పాత మార్కెట్ దగ్గర
ఒక మీసం బయటికొచ్చింది.
శ్మశానం గేటు దగ్గర ముక్కు.
ఆఖరి స్టాపులో
కాలిన చెవి నా చీలమండకి తగిలింది.
కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు నేను.

మందు మింగించడం మాత్రం యుద్ధమే.
చేతులనిండా ఎర్రటి గీతలు.
మాంసం కొట్లో హలీనా అడిగితే
గులాబీ ముళ్ళన్నాను. మా ఇంట్లో మొక్కే లేదు.
వంటింటి తక్కెట్లో ప్రతి సోమవారం బరువు:
రెండు కిలోల నూట పది. రెండు కిలోల మూడొందలు.
కేలండర్లో రాశాను,
మా ఆయన పోయిన తేదీ పక్కనే, చోటు అక్కడే ఉంటే.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
తల్లి లేనిదాన్ని మనుషులే తిప్పాలి కాబోలు.
ఇంజను ఒక ఇల్లు. ఆస్పత్రి బోను ఒకటి.
నాది ఎన్నో ఇల్లో లెక్కపెట్టబోయి మానేశాను.
ఏడోది కాదని మాత్రం తెలుసు.

ఉంచేసుకోరాదూ అంది హలీనా.
ఉంచేసుకుంటే బోనులో ఉన్న తరవాతిదానికి
చోటేదీ అన్నాను.
ఇంత తెలివి పగలే.
రాత్రి అది మెడ వంపులో గురగురలాడుతుంటే
ఝనెతా నంబరు రెండుసార్లు నొక్కి
రింగవకముందే ఆపేశాను.

పబియనీత్సె నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు,
వెంట ఏడేళ్ళ తిమోతెయుష్.
వాడు చెయ్యి చాపలేదు.
నేలమీద బోర్లా పడుకుని ఎదురుచూశాడు.
అది చూశాక నాకు అడగడానికేం మిగల్లేదు.
నిద్రపోకపోతే స్టాపుల పేర్లు చదవండి,
ఏ ఊరివైనా సరే, అన్నాను.
వాళ్ళ నాన్న రాసుకున్నాడు పాపం,
మందుల చీటీ వెనక.

మెట్లమీద సంచీ అరుపు:
మూడో అంతస్తు, రెండు, ఒకటి.

నిన్న ఝనెతా ఫోన్ చేసింది. అట్టపెట్టెలో నలుగురు,
కళ్ళింకా తెరవలేదు, రెండు గంటలకోసారి పాలు.
చూద్దాంలే అన్నాను.
ఊరికే, రాత్రి రెండుకి అలారం పెట్టి చూశాను.
మోగింది. లేచాను.

బట్టలు పేరుకున్నాయి.
మీట నొక్కేముందు
ఇంకా వంగి, మెషిన్ వెనక చూస్తున్నాను.