కూసం

కాశిబుగ్గల నా దుకాణం మీద
పేంటర్ యాకయ్య ఇంగ్లీషు మాట రాసిండు.
రేకు సాలలే.
పైన కప్పు, కింద బోర్డు.
వారం తిరగకముందే ఇద్దరొచ్చిన్రు
చాయ కప్పులున్నయా అని.

నేనూ అట్లనే అన్న ఇన్నేండ్లు,
ఉలి మీద సుత్తె పడ్డట్టు నాలుగు దెబ్బలు:
క, ప్పు, బో, ర్డు.
నా నోట్లకెల్లి బిడ్డ నోట్లెకు పోయింది,
ఆడికెల్లి బడికి.

నిన్న అక్షిత బ్యాగు ఇసిరికొట్టింది.
"నీ లెక్క సదివితే క్లాసంత నవ్విన్రు నాయినా.
పీ పలకదట. కబ్బడ్. అంతే. రెండే."
చప్పట్లు కొట్టి చూపెట్టింది,
మొదటిది గట్టిగ,
రెండోది చెయ్యికి చెయ్యి తాకీ తాకనట్టు.

"మరి బో యాడ పాయె?"
"అది చిక్కిపోయి బడ్ అయింది."
"పలకనప్పుడు పీ రాసుడెందుకు?"
"నాకేం ఎరుక. రాయకుంటే మార్కు పోతది."

చాయ ఊదుకుంట యాకయ్య అన్నడు:
"తుడిచేద్దామా అన్నా ఆ పీని?
ఇరువై రూపాయలియ్యి."

నా చేతుల సుబేదారి వకీలు సారు బీరువా చట్రం.
నిలువు చెక్కకు బెజ్జం, అడ్డచెక్కకు కూసం.
"ఇటు రా బిడ్డా" అని దిగ్గొట్టిన.
కూసం లోపలికి పోయింది.
"చెప్పు, ఏడున్నది?"
వేలితోని అతుకంత తడిమింది. సందు దొర్కలే.
"లేదు."
"లేకుంటే ఊపు."
ఊపింది. రెండు చేతులతోని ఊపింది.

జెరసేపు ఏం మాట్లాడలే.
తర్వాత అన్నది,
ఎనుకట చెక్క మీద కప్పులు పేర్చుకునేటోళ్లట,
అందుకే ఆ పేరట.
నేను ముప్పై ఏండ్ల సంది చేస్తున్న.
చీరెలు చూసిన, పట్టా పాసుబుక్కులు చూసిన,
మట్టెవాడల ఒకాయన పాత చెప్పులు దాసుకునుడు చూసిన.
కప్పులు పెట్టంగ చూడలే.
లోపలి సామాను మారిపాయె,
మాట కూసాలు మాత్రం కదల్లే.

రాత్రి రంపం పొట్టు ఊడ్చి
గోడకు ఆనిచ్చిన బీరువా అద్దం ముంగట నిలవడ్డ.
కబ్బడ్.
పెదాలు ఒక్కసారే మూసుకున్నయి,
పీకి, బీకి కలిపి ఒక్కటే మూత.
మళ్ల అన్న. మళ్ల ఒక్కటే.

పొద్దుగాల యాకయ్యకు చెప్పాలె
పీ జోలికి పోవద్దని.
కింది వరుసల ఆర్ ఒకటున్నది,
దాన్ని గూడ ఎవ్వలూ పలుకుతలేరట.
దాని కథేందో
ఇంకా తెల్వదు.