రెండో కొటేషన్

సెక్రటరీ గారూ,
కిందటేడు దసరా ముందు మీకు లాన్ వేసింది నేనే.
కొరిటెపాడు సందులో లారీ తిరగక
ఎర్రమట్టి తట్టలతో మోయించి
నల్లరేగడి ముఖం కనపడకుండా కప్పేశాను.
కడియం నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డిని
చదరపు అడుగు లెక్కన పరిచాను.
మీరు చెప్పులు విప్పి దానిమీద నడిచారు,
ఫోటో తీయించుకున్నారు.
ఆ ఫోటో చూపించే నేను ఇంకో మూడు అపార్ట్‌మెంట్లు పట్టాను.

మే రెండో వారంలో బోరు గాలి కక్కింది.
ట్యాంకరు నీళ్లు మనుషులకా, గడ్డికా అని
మీ మీటింగులో పెద్ద గొడవైందట.
నేను వచ్చేసరికి
పచ్చచాప గోనెపట్టా రంగుకొచ్చింది.
కింద రేగడి బీటలిచ్చి
నేను కప్పిన దుప్పటిని
నిద్రలో పిల్లాడిలా కాళ్లతో తన్నేసింది.

అప్పుడు చూశాను, జనరేటర్ వెనక మూల.
అక్కడ కలుపు తీయమని నాగూర్‌బీకి మూడుసార్లు చెప్పాను.
తీశానంది. తీయలేదు.
గరిక. నాలుగు తుమ్మి మొక్కలు. గోడ పట్టుకుని నల్లేరు.
ఎవరు వేశారో, మోకాలెత్తు తంగేడు, పూలతో సహా.
దాని మొదట్లో ఒక్క చెంబు ఎవరూ పోయలేదు.
"ఎందుకు పీకలేదు?" అన్నాను.
"నల్లేరు పచ్చడికి ఉంచుకున్నా.
తంగేడంటారా, పీకితే రాలేదు."
అంతే. పెద్ద మాటలేమీ చెప్పలేదు.
నేనే ఆ రాత్రి నిద్రపోలేదు.
ఇరవై రెండేళ్లుగా
మొక్కలు నాటుతున్నానా, నీళ్లు అమ్ముతున్నానా?

అందుకే ఈ కాగితం.
దీంట్లో లాన్ లేదు.
రోడ్డు డివైడర్ మీద చూసి మీరు ముచ్చటపడ్డ
కోనోకార్పస్ కూడా లేదు.
ఎర్రమట్టి ఒక్క తట్టయినా లేదు,
రేగడితో పోట్లాట మానేస్తున్నాను.
పడమటి గోడకు వావిలి, అడ్డసరం.
పిల్లలు ఆడేచోట కానుగ నీడ, దానికి నాలుగేళ్లు ఓర్చుకోవాలి.
నాలుగేళ్లని ఇంతవరకు ఏ కొటేషన్‌లోనూ రాసినవాణ్ణి కాను.
గేటు దగ్గర నేల కాస్త పల్లంగా తవ్వుతాను,
డాబా మీది వాననీళ్లు డ్రైనేజీలోకి పరుగెత్తకుండా
కాసేపు కూర్చుని వెళ్తాయి.
మీ ఏసీల కింద బొట్టుబొట్టు కారేది కూడా లెక్కలో వేశాను.

షరతులున్నాయి.
వాచ్‌మన్ పేరయ్య ఆకులు తగలబెట్టకూడదు.
నాలుగో అంతస్తు వెంకటప్పయ్య గారు
తన చేలో మిర్చికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి
ప్రేమగా ఇక్కడ చల్లకూడదు.
కరివేపాకు మీద పిట్టరెట్టలాంటి పురుగు కనపడితే
మీ ఇంట్లో కేకలు పుడతాయని తెలుసు.
రెక్కలు కట్టుకునేదాకా ఆ ఆకులు దాని వాటా.
పురుగు లేకుండా సీతాకోకచిలుకను
నేను ఏ నర్సరీ నుంచీ తేలేను.
పాములొస్తాయేమోనన్నారు. రావని రాసివ్వలేను.
మీ పార్కింగులో ఎలుకలున్నంతకాలం
వాటికి నా తోటతో పనిలేదు.

మొదటి ఏడాది ఇది అందంగా ఉండదు.
ఫోటోకి ఆనదు. వచ్చిన చుట్టాలు
"ఏమిటీ చిట్టడవి" అంటారు.
తరవాతెప్పుడో,
యార్డు మీంచి మిర్చిఘాటు కొట్టే సాయంత్రం
తుమ్ముతూ కిటికీ మూయబోయి
తంగేడు మీద పసుపు కదలడం చూస్తారు.
పువ్వో, ఎగిరేదో తేల్చుకోలేక
చెయ్యి రెక్కమీదే ఆగిపోతుంది.
దానికి నేను రేటు వేయలేదు.

మొత్తం కింద రాశాను, పాతదాంట్లో సగం కూడా లేదు.
నాకు మిగిలేది తగ్గింది, మా ఆవిడ ఇంకా చూడలేదు.
నాగూర్‌బీ కూలి మాత్రం పెంచాను.
"కలుపు తీయుటకు" అన్నది కొట్టేసి
"కలుపు గుర్తించుటకు" అని రాశాను.
చదివి వినిపిస్తే నవ్వి,
"గేటు మీదికి ఒక కాగితంపూల తీగ వేయండి సార్, బాగుంటది" అంది.
అదేమో ఈ నేలది కాదు.
వేస్తున్నాను. ఒక్కటే.

తా.క. పని మొదలెట్టే తేదీ రాయలేదు.
నెర్రెలు పూడిన రోజున ఫోన్ చేయండి.